అటక దిగిన బౌలింగ్ బాల్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో బౌలింగ్ లీగులు మొదలవుతాయి. ఏళ్ల తరబడి గరాజ్‌లోనో అటక మీదో పడి ఉన్న బాల్‌ను చాలామంది బయటికి తీసేది ఇప్పుడే. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో దాదాపు అందరూ పైమెరుగు గురించే అడిగారు. మేము మాత్రం ముందు పగుళ్లు, తర్వాత చేతి పట్టు, ఆ తర్వాతే మెరుగు చూడమంటాం. కారణాలు జవాబుల్లో ఉన్నాయి.

ప్రశ్న: 2009లో కొన్న రియాక్టివ్ రెజిన్ బాల్, 15 పౌండ్లది. పిల్లలు పుట్టాక ఆట మానేశాను. అప్పటి నుంచీ సంచీలోనే, గరాజ్‌లోనే ఉంది. మొన్న తీసి చూస్తే పైన జిగురు జిగురుగా తగిలింది, రంగు మసకబారింది. నేరుగా లేన్ మీదికి తీసుకెళ్లొచ్చా?
– ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: నేరుగా వద్దు. మీ ఊళ్లో ఎండాకాలం మూసి ఉన్న గరాజ్ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ సులువుగా దాటుతుంది, చలికాలం ఒక్కోసారి గడ్డకట్టే స్థాయికి పడిపోతుంది. బాల్ లోపలి కోర్, దాని చుట్టూ ఉన్న నింపుడు పదార్థం, పైపొర మూడూ వేరువేరు పదార్థాలు. వేడికి ఒక్కొక్కటి ఒక్కో మేర వ్యాకోచిస్తుంది, చలికి ఒక్కో మేర ముడుచుకుంటుంది. ఈ గుంజులాట ఏళ్ల తరబడి సాగితే పైపొర ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఆట ఆడకపోయినా బాల్ పగలడానికి కారణం ఇదే. కొన్నవాళ్లు చాలామంది దీన్ని తయారీ లోపం అనుకుంటారు.

చేయవలసిన పని ఇది. బాల్‌ను ఇంట్లోకి తెచ్చి ఒక రోజంతా గది వేడిమిలో ఉంచండి. తర్వాత మెత్తటి గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పట్టించి బాల్ అంతా తుడవండి. మందుల షాపులో దొరికే 70 శాతం సరిపోతుంది, 91 శాతమైతే ఇంకా మంచిది. గుడ్డకు నల్లటి జిడ్డు అంటుతుంది. అది రాకుండా పోయేదాకా గుడ్డ మారుస్తూ తుడవండి. చివరిసారి తుడిచేటప్పుడు టార్చిలైటు ఏటవాలుగా వేసి గమనించండి. నున్నటి చోట ఆల్కహాల్ కొద్ది సెకన్లలో ఆరిపోతుంది. పగులు ఉన్నచోట మాత్రం సన్నటి తడిగీత ఇంకాసేపు నిలుస్తుంది. కంటికి ఆనని వెంట్రుకవాసి పగుళ్లు కూడా ఇలా దొరికిపోతాయి. అనుమానం ఉన్న గీత మీద గోరు అడ్డంగా గీసి చూడండి. గోరు తట్టుకుంటే పగులు, జారిపోతే పైగీత.

ముఖ్యంగా చూడాల్సిన చోట్లు మూడు: రెండు వేళ్ల రంధ్రాల మధ్య ఉండే సన్నటి గోడ, బొటనవేలి రంధ్రం అంచు, ఆ రంధ్రాల లోపలి గోడలు. రంధ్రం చుట్టూ గుండ్రంగా ఒక వలయం కనబడితే కంగారుపడకండి. అది ఎప్పుడో రంధ్రం పూడ్చి మళ్లీ తొలిచిన అతుకు గుర్తు. ఆ వలయం మీద గోరు తట్టుకుంటే మాత్రం అతుకు వదులవుతోందని అర్థం.

ఇక ఆ జిగురు. మీ బాల్ పైపొర అయిన రియాక్టివ్ రెజిన్‌కు లేన్ మీద పట్టు రావడానికి తయారీలో ప్లాస్టిసైజర్ కలుపుతారు. అది రెజిన్‌తో పూర్తిగా కలిసిపోయే పదార్థం కాదు. వేడికి మెల్లగా పైకి ఊరుతుంది. దానికి తోడు అప్పట్లో లేన్ మీద (బాల్ దొర్లే, నూనె పూసిన దారి మీద) నుంచి పీల్చుకున్న నూనె కూడా పైకొస్తుంది. నూనెను తీయవచ్చు, ఎలాగో కింద ఎడిసన్ ఉత్తరంలో ఉంది. ఊరిపోయిన ప్లాస్టిసైజర్‌ను తిరిగి పెట్టే మార్గం లేదు. అందుకే మీ బాల్ 2009లో తిరిగినట్టు తిరగదు. బాగా శుభ్రం చేసి, పైన తాజాగా గరుకు పెడితే నూనె తక్కువున్న లేన్ల మీద హాయిగా పనికొస్తుంది.

చాలా ఏళ్లు ఒకే భంగిమలో గట్టి నేల మీద ఉన్న బాల్‌కు ఆ వైపు కాస్త చదును పడుతుంది. చదునైన గచ్చు మీద నెమ్మదిగా దొర్లించి చూడండి. రంధ్రాల వల్ల, లోపలి బరువు వల్ల కూడా బాల్ కొంచెం ఊగుతుంది, కాబట్టి ఊగిందని వెంటనే తీర్పు ఇవ్వొద్దు. దొర్లించిన ప్రతిసారీ ఒకే చోట తడబడుతుంటే, బాల్స్ తొలిచి బాగుచేసే ప్రోషాపులో చూపించండి. కొద్దిపాటి చదును పైపొరను సమంగా అరగదీసే రీసర్ఫేసింగ్ యంత్రంతో పోతుంది.

ప్రశ్న: వేళ్ల రంధ్రాల మధ్య ఒక అంగుళం పొడవు పగులు కనిపించింది. సూపర్ గ్లూ పోస్తే సరిపోతుందా?
– నోవై, మిషిగన్

జవాబు: పగులు పొడవు కన్నా లోతు ముఖ్యం. సూది మొన పెట్టి చూడండి. పైనే ఆగిపోతే సూపర్ గ్లూ చాలు. నీళ్లలా పలచగా ఉండే రకమే తీసుకోండి. చిక్కటిది పగులు లోపలికి దిగదు, పైన పొక్కులా కూర్చుంటుంది. ముందు ఆల్కహాల్‌తో పగులులోని జిడ్డు పోగొట్టి, పూర్తిగా ఆరనివ్వాలి. జిడ్డు మిగిలితే ఏ గ్లూ పట్టదు. ఇంట్లో చేసిన అతుకులు నాలుగు ఆటలకే ఊడిపోవడానికి మేము చూసిన ముఖ్య కారణం అదే. గ్లూ ఒక చుక్క వేసి, అది లోపలికి ఇంకాక మరో చుక్క వేయండి. మూడు నాలుగు సార్లకు పగులు నిండుతుంది. మర్నాడు పైకి పొంగినదాన్ని నీళ్లతో తడిపిన 400 నంబరు ఉప్పుకాగితంతో సమంగా రుద్దేయండి.

సూది మూడు నాలుగు మిల్లీమీటర్లు దిగితే గ్లూ ఒక్కటే నిలవదు. పగులును చిన్న రోటరీ పరికరంతో వి ఆకారంలో సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పుకు తెరిచి, రెండు భాగాలు కలిపే ఎపాక్సీ నింపాలి. అంచుల చుట్టూ టేపు వేసి, ఎపాక్సీ కాస్త పొంగేలా నింపి, 24 గంటలు కదపకుండా ఉంచి, తర్వాత రుద్ది సమం చేయాలి. పగులును తెరవడం ఎందుకంటే, సన్నటి సందులోకి ఎపాక్సీ దిగదు, దిగినా పట్టుకోవడానికి దానికి చోటు ఉండదు.

పగులు బాల్ చుట్టుకొలతలో చాలా దూరం పాకినా, లోపలి వేరే రంగు పదార్థం కనిపిస్తున్నా, అతికించాక పక్కనే కొత్త గీత పుట్టినా ఆ బాల్‌తో ఆట ఆపేయండి. అంత బరువైన బాల్ పిన్స్‌ను గుద్దినప్పుడు ముక్క ఊడితే పిన్స్ నిలబెట్టే పిన్‌సెట్టర్ యంత్రంలో, బాల్ తిరిగొచ్చే దారిలో ఇరుక్కుంటుంది. బౌలింగ్ సెంటర్ వాళ్లు పగిలిన బాల్‌ను వద్దంటే అది న్యాయమైన మాటే.

పగులు ఉన్న బాల్‌కు, అతికించిన బాల్‌కు కూడా వేడినీళ్ల స్నానం వద్దు. నీళ్లు లోపలికి చేరతాయి, అతుకు వేడికి కదులుతుంది. ఆల్కహాల్‌తో తుడవడంతో సరిపెట్టుకోండి.

ప్రశ్న: పాత రియాక్టివ్ బాల్‌లోంచి నూనె తీయాలి. ఒకరు ఓవెన్ అంటారు, ఒకరు డిష్‌వాషర్ అంటారు, మా ఆఫీసులో ఒకాయన అసిటోన్ అంటున్నారు. ఏది నమ్మాలి?
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మూడూ వద్దు. ఇంటి ఓవెన్ వేడి అన్ని వైపులా ఒకేలా ఉండదు, దాని కనీస స్థాయే బాల్ తట్టుకునేదానికన్నా ఎక్కువ. డిష్‌వాషర్‌లో నీళ్లు మరీ వేడిగా ఉండటమే కాక చివర్లో ఆరబెట్టే వేడి నేరుగా తగులుతుంది. ఈ రెండింటి వల్ల పగిలిన బాల్స్ ప్రోషాపుల్లో మామూలుగా కనిపిస్తుంటాయి. హెయిర్ డ్రయ్యర్ కూడా అంతే, ఒక్కచోటే కాలుస్తుంది.

అసిటోన్, లాకర్ థిన్నర్, మిథైల్ ఇథైల్ కీటోన్ లాంటివి నూనెను తీయడంతో ఆగవు, పైపొరనే మెత్తబరుస్తాయి. 1973లో డాన్ మెక్యూన్ అనే ప్రొఫెషనల్ బౌలర్ ప్లాస్టిక్ బాల్‌ను ఇలాంటి ద్రావణంలోనే నానబెట్టి మెత్తగా చేసుకుని, ఆ ఏడాది అమెరికా ప్రొఫెషనల్ బౌలర్ల సంఘం (పీబీఏ) మేటి ఆటగాడయ్యాడు. బాల్ గట్టిదనానికి కనీస హద్దు పెడుతూ నియమాలు వచ్చింది ఆ తర్వాతే. అలా మెత్తబడిన బాల్ పోటీకి పనికిరాదు. పైగా ఆ ఆవిరి పీల్చడం ఒంటికి హాని, మూసిన గరాజ్‌లో నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

సరైన పద్ధతి వేడినీళ్ల స్నానం. 5 గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి. బాల్ వ్యాసం ఎనిమిదిన్నర అంగుళాల పైచిలుకు, కాబట్టి చుట్టూ చోటు ఉంటుంది. బాల్ తానే 5 లీటర్లకు పైగా నీళ్లను పైకి నెడుతుంది, అందుకని 10 నుంచి 12 లీటర్లు పోస్తే చాలు. నీళ్లు 50 డిగ్రీల సెల్సియస్, అంటే 120 నుంచి 125 ఫారెన్‌హీట్ దగ్గర ఉండాలి. చాలా ఇళ్లలో గీజరు నీళ్లు ఈ వేడిలోనే వస్తాయి. చెయ్యి పెట్టి అంచనా వేయకండి, వంటింటి థర్మామీటర్‌తో చూడండి. 60 డిగ్రీలు ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. గిన్నెలు తోమే ద్రవం రెండు పెద్ద చెంచాలు కలపండి.

స్నానానికి ముందు బాల్ గది వేడిమిలో ఒక రోజు ఉండి తీరాలి. చలికాలం గరాజ్‌లోంచి తీసి నేరుగా వేడినీళ్లలో వేస్తే బాల్‌ను మన చేతులతో మనమే పగలగొట్టుకున్నట్టు. పైన ఉప్పుకాగితంలా గరుకుగా ఉండే 500 నంబరు అబ్రలాన్ ప్యాడ్‌తో ఒకసారి తేలిగ్గా రుద్దితే ఏళ్లనాటి మురికి పొర కింద మూసుకుపోయిన సూక్ష్మరంధ్రాలు తెరుచుకుంటాయి, నూనె త్వరగా వస్తుంది. వేళ్ల రంధ్రాలను నీళ్లు దిగని టేపుతో మూయండి. కొందరు మూయరు, ఏమీ కాలేదంటారు. మేము మాత్రం మూయమనే చెబుతాం. లోపలి గ్రిప్‌ల (వేళ్లకు పట్టు ఇచ్చే రబ్బరు ముక్కల) గ్లూ వేడినీళ్లకు వదులవుతుంది.

20 నిమిషాలు నాననిచ్చి, బాల్ ఇంకా వేడిగా ఉండగానే తీసి, పొడిగుడ్డతో గట్టిగా తుడవాలి. ఇక్కడ ఆలస్యం చేస్తే పని వృథా. బాల్ చల్లారేకొద్దీ పైకొచ్చిన నూనెను మళ్లీ లోపలికి లాక్కుంటుంది. మళ్లీ కొత్త నీళ్లు, కొత్త సబ్బు, ఇంకో 20 నిమిషాలు. నీళ్ల మీద నూనె తెట్టు కనిపించకుండా పోయేదాకా ఇలా చేయాలి. ఎక్కువ ఆడిన బాల్‌కు మూడు నాలుగు విడతలు పడుతుంది. 12 పౌండ్లకు తక్కువ ఉన్న బాల్ నీళ్లలో తేలుతుంది, దాన్ని ఐదు నిమిషాలకోసారి తిప్పుతూ ఉండాలి. 13, 14 పౌండ్లవి అడుగుకు చేరతాయి, వాటి కింద పాత తువ్వాలు మడత పెట్టండి. చివరికి టేపు తీసి, రంధ్రాలు కిందికి ఉండేలా ఒక రోజంతా ఆరబెట్టండి.

ఇదంతా రియాక్టివ్ బాల్స్‌కు. పాలియెస్టర్ బాల్ నూనెను పీల్చుకోదు, దానికి ఆల్కహాల్ తుడుపు చాలు.

ప్రశ్న: బాల్‌ను తిప్పే స్పిన్నర్ యంత్రం లేదు. చేత్తో రుద్దితే బాల్ పాడవుతుందా? ఎంత నంబరు వాడాలి?
– మెల్‌బోర్న్, ఆస్ట్రేలియా

జవాబు: పాడవదు, ఓపిక ఉండాలంతే. 500, 1000, 2000 నంబర్ల అబ్రలాన్ ప్యాడ్లు ఒక్కొక్కటి, నీళ్లు చల్లే సీసా ఒకటి చాలు. అబ్రలాన్ నంబరు, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే నల్లటి నీటి ఉప్పుకాగితం నంబరు ఒకటి కావు. రెండూ కలిపి వాడితే లెక్క తప్పుతుంది.

బాల్‌ను నాలుగు ముఖాలుగా అనుకోండి: రంధ్రాలున్న వైపు, దానికి సరిగ్గా ఎదురు వైపు, ఈ రెండింటికీ అడ్డంగా ఉండే మరో రెండు వైపులు. ప్రతి ముఖాన్నీ నీళ్లు చల్లుతూ, ఒకే ఒత్తిడితో, చిన్న చిన్న వలయాలుగా రెండేసి నిమిషాలు రుద్దండి. ముఖాలు ఒకదాని మీదికి ఒకటి రావాలి. నాలుగూ అయ్యాక తుడిచి, వెలుతురులో చూసి, ఎక్కడా మెరుపు మచ్చలు మిగల్లేదని తేలాకే తర్వాతి నంబరుకు వెళ్లండి. పాత గీత కనిపించిందని ఆ ఒక్కచోటే గట్టిగా రుద్దకండి. అక్కడ గుంట పడుతుంది, బాల్ గుండ్రం చెడుతుంది. లోతైన గీతలు ఎక్కువగా ఉంటే అది ప్రోషాపు యంత్రం పని. పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగా రుద్దండి, మాస్కు కూడా పెట్టుకోండి.

ఎక్కడ ఆపాలన్నది వాడకాన్ని బట్టి. లేన్ మీద నూనె ఎక్కువగా ఉంటే 1000 దగ్గర ఆపండి, మామూలు లేన్‌కు 2000. మిగిలిన ఒక్క పిన్‌ను కొట్టే స్పేర్ బాల్‌గా పాలియెస్టర్ వాడేట్టయితే 2000 తర్వాత పాలిష్ పెట్టి అద్దంలా చేయండి. స్పేర్ బాల్ తిన్నగా పోవాలి, దానికి నున్నటి పైపొర కావాలి. పోటీ మొదలయ్యాక బాల్ పైపొరను రుద్దడం నియమాలకు విరుద్ధం. ఎప్పుడు రుద్దినా బాల్ అంతటా ఒకేలా రుద్దాలి.

ప్రశ్న: మా బాబాయి గారు 20 ఏళ్ల కిందట ఆడిన బాల్ నాకిచ్చారు. 16 పౌండ్లు. బొటనవేలు దూరడం లేదు, మిగతా రెండు వేళ్లు వదులుగా ఉన్నాయి, లోపలి రబ్బరు రాయిలా అయిపోయింది. ఎలాగోలా వాడుకోవాలని ఆశ.
– షార్లెట్, నార్త్ కెరొలైనా

జవాబు: ముందు బరువు సంగతి. బాల్‌ను పట్టుకుని చెయ్యి కిందికి వేలాడదీసి, ముందుకూ వెనక్కూ పదిసార్లు ఊపండి. మణికట్టు వంగిపోతున్నా, బాల్ జారకుండా వేళ్లు బిగించాల్సి వస్తున్నా ఆ బరువు మీకు ఎక్కువ. 16 పౌండ్లను 14 చేసే దారి లేదు. కొత్త గ్రిప్‌లు పెట్టినా, రంధ్రాలు పూడ్చి తొలిచినా తేడా ఔన్సుల్లోనే ఉంటుంది. బరువు కుదరకపోతే ఆ బాల్‌ను బాబాయి గారి గుర్తుగా దాచుకుని, ఆటకు వేరేది చూసుకోవడమే మీ భుజానికి మంచిది.

బరువు కుదిరితే వేళ్ల దూరం, అంటే బొటనవేలి రంధ్రానికీ మిగతా వేళ్ల రంధ్రాలకూ మధ్య ఉండే దూరం చూడాలి. బొటనవేలు దూరనప్పుడు ఇంట్లో ఇది సరిగ్గా తేలదు, ప్రోషాపులో కొలిపించండి. వేళ్లు రెండో కణుపు దాకా దిగే సంప్రదాయ పట్టయితే, బాల్ పట్టుకున్నప్పుడు అరచేతికీ బాల్‌కూ మధ్య ఒక పెన్సిల్ దూరాలి, వదులుగా ఊగకూడదు. మొదటి కణుపు దాకానే దిగే ఫింగర్‌టిప్ పట్టుకు ఈ పరీక్ష చెల్లదు. దూరం ఎక్కువైతే బొటనవేలు లాక్కుపోయి చర్మం లేస్తుంది, తక్కువైతే బాల్ జారుతుందన్న భయంతో బిగించి పట్టుకుంటారు. ఏళ్ల తర్వాత ఆట మొదలుపెట్టినవాళ్లకు ఈ తప్పుడు దూరం వల్ల మణికట్టు నొప్పి రావచ్చు.

దూరం సరిపోయిందంటే మీ పని తేలిక. రాయిలా అయిన ఆ రబ్బరు ముక్కలు వేళ్ల గ్రిప్‌లు. సూపర్ గ్లూతో అతికించి ఉంటాయి. సన్నటి స్క్రూడ్రైవర్‌ను గ్రిప్‌కూ రంధ్రం గోడకూ మధ్య దించి, గ్రిప్‌ను లోపలికి మడుస్తూ లాగితే ముక్కలుగా వస్తుంది. గోడకు గీతలు పడకుండా చూసుకోండి. మిగిలిన గ్లూను ఉప్పుకాగితంతో గీకి, ఆల్కహాల్‌తో తుడవండి. తీసిన పాత గ్రిప్ ముక్కను షాపుకు తీసుకెళితే బయటి కొలత సరిపోయేది ఇస్తారు. లోపలి కొలత మాత్రం మీ వేలికి కొలిపించుకోవాలి. కొత్త గ్రిప్ దించేముందు అతికించకుండా ఒకసారి పెట్టి, అంచు బాల్ ఉపరితలానికి సమంగా ఉందో లేదో చూడండి. రెండు మూడు చుక్కల గ్లూ చాలు. గ్లూ సెకన్లలో పట్టేస్తుంది కాబట్టి వేలి వంపు ఏ వైపుకు రావాలో ముందే గుర్తు పెట్టుకోండి.

బొటనవేలి రంధ్రం బిగువైతే, గుండ్రటి కర్రకు 120 నంబరు ఉప్పుకాగితం చుట్టి, లోపలి గోడను చుట్టూ సమానంగా, కొద్దికొద్దిగా రుద్దుతూ వేలు పెట్టి చూసుకోండి. చాకుతో చెక్కితే గోడ మీద మెట్లు పడతాయి, అవి చర్మాన్ని కోస్తాయి. వేలు గోడను అంతటా తాకుతూ, తేలిగ్గా బయటికి రావాలి. కాస్త వదులుగానే ఉండనివ్వండి. రెండు మూడు ఆటల తర్వాత వేలు వాస్తుంది, మర్నాడు మళ్లీ సన్నబడుతుంది. ఆ తేడాకు బౌలర్ల టేపు ఉంది. రంధ్రంలో ఒకటి రెండు ముక్కలు అతికించి, వేలు వాచాక ఒకటి పీకేయడం అందరూ చేసే పని.

దూరం కుదరకపోతే మూడు రంధ్రాలూ పూడ్చి మళ్లీ తొలచాలి. ఇది ఇంట్లో చేసే పని కాదు. పాత గ్రిప్‌లు, స్లగ్ (బొటనవేలి రంధ్రంలో పెట్టే ప్లాస్టిక్ తొడుగు) తొలిచేసి, రెజిన్‌లో గట్టిపరిచే ద్రవం కలిపి పోసి, గాలి బుడగలు రాకుండా చూసి, ఒక రోజు గట్టిపడనిచ్చి, పైన కోసి, రుద్ది, అప్పుడు తొలుస్తారు. కొత్త రంధ్రం అంచు పాత పూడిక అంచుకు మరీ దగ్గరగా వస్తే మధ్యలో సన్నటి ముక్క మిగిలి త్వరలో విరుగుతుంది. అది ఎక్కడ పడుతుందో తొలిచేముందే చూపించమని అడగండి. ఖర్చు మా లెక్కలో ఇలా: పూడ్చి తొలిచే మొత్తం ఖర్చు, తొలిచి ఇచ్చే ఒక కొత్త మామూలు బాల్ ధరలో సగం దాటితే కొత్తదే కొనండి. బాబాయి గారి మీద ప్రేమతో చేయించుకుంటానంటే అది వేరే లెక్క, సంతోషంగా చేయించుకోండి.

ప్రశ్న: నా పాత బాల్‌కు పక్కన నాలుగో రంధ్రం ఉంది. లీగ్‌లో వద్దన్నారు. అప్పట్లో అందరికీ ఉండేది కదా?
– ఇర్వింగ్, టెక్సాస్

జవాబు: అప్పట్లో నియమం అనుమతించేది. బాల్ బరువు పంపకాన్ని, తిరుగుడును మార్చడానికి ఆ రంధ్రం వేసేవారు. 2020 ఆగస్టు 1 నుంచి అమెరికా బౌలింగ్ సంఘం యూఎస్‌బీసీ దాన్ని తీసేసింది. ఆ సంఘం గుర్తింపు ఉన్న లీగుల్లో ఆడే బాల్‌కు వేళ్లు పెట్టని రంధ్రం ఉండకూడదు. పూడిస్తే సరిపోతుంది, బాల్ మారుస్తేనే కుదురుతుందని కాదు. పూడ్చాక బాల్ తిరుగుడు కొంచెం మారుతుంది. పూడ్చాక మీ ప్రోషాపులో బరువు తూకం కూడా చూపించుకోండి. 10 పౌండ్లు దాటిన బాల్‌కు ఏ పక్కకైనా తేడా 3 ఔన్సుల లోపే ఉండాలి.

రెండు చేతులతో వేసేవాళ్లు, బొటనవేలు వాడనివాళ్లు పాత బాల్ కొంటే ఇంకో చిక్కు ఉంది. వాళ్లు వాడని బొటనవేలి రంధ్రాన్ని కూడా పూడ్చాల్సిందే.

బాల్ పేరు యూఎస్‌బీసీ ఆమోదించిన జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ఆ జాబితా 1991 జనవరి నుంచి వచ్చిన బాల్స్‌ది. పోటీ మధ్యలో తుడవడానికి పొడి గుడ్డ తప్ప ఏ ద్రవమూ వాడకూడదన్నది 2019 ఆగస్టు నుంచి వచ్చిన మరో మార్పు. చాలా ఏళ్ల తర్వాత వచ్చినవాళ్లు సంచీలోంచి ఆల్కహాల్ సీసా తీసి మాట పడేది అందుకే. ఆటకు ముందు, తర్వాత వాడుకోవచ్చు. కుటుంబంతో సరదాగా ఆడేవాళ్లకు ఈ నియమాలేవీ వర్తించవు.

ప్రశ్న: పాత సామాన్ల దుకాణంలో నల్లటి బాల్ చవగ్గా దొరికింది. అంచుల్లో గోధుమరంగు తిరిగింది, రుద్దితే గంధకం వాసన వస్తోంది. ఏమిటిది?
– కొలంబస్, ఒహైయో

జవాబు: గట్టి రబ్బరు బాల్. గంధకం ఎక్కువగా కలిపి గట్టిపరిచిన రబ్బరుతో 20వ శతాబ్దం మొదటి భాగం నుంచి చేసేవారు. 1960, 70లలో పాలియెస్టర్, 1980లలో యురేథేన్, 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్ వచ్చి దాన్ని వెనక్కి నెట్టాయి. రాజమండ్రి రత్నం పెన్నులు చేసే ఎబొనైట్ ఈ జాతిదే. పాత ఎబొనైట్ పెన్ను ఎండకు, తడికి నలుపు వదిలి గోధుమరంగుకు తిరగడం మన ఇళ్లలో చాలామంది చూసే ఉంటారు. బాల్‌కు జరిగిందీ అదే. దీన్ని వేడినీళ్లలో వేస్తే రంగు ఇంకా పోతుంది, వేయొద్దు. తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. రంగు మార్పు పైపైనే ఉంటుంది, 1000 నంబరుతో రుద్దితే నలుపు తిరిగొస్తుంది. పగులు లేకపోతే తిన్నగా వేయడానికి బాగానే ఉంటుంది. హుక్ (బాల్ చివర్లో వంపు తిరగడం) ఆశించకండి.

ప్రశ్న: ఉద్యోగం మారి హైదరాబాద్ వచ్చేశాను. రెండు బాల్స్ అమెరికాలో స్నేహితుడి ఇంట్లో ఉన్నాయి. తెప్పించుకోవడం తెలివైన పనేనా? ఇక్కడి వేడికి నిలుస్తాయా?
– కొండాపూర్, హైదరాబాద్

జవాబు: మీ చేతికి తొలిచిన బాల్స్ కాబట్టి తప్పకుండా తెప్పించుకోండి. మన దగ్గర బౌలింగ్ లేన్లు మాల్స్‌లో దొరుకుతాయి కానీ, వేళ్ల కొలత తీసి తొలిచే షాపు దొరకడం కష్టం. అందుకే అక్కడ ఉండగానే చేయించాల్సినవన్నీ చేయించేయమనండి: పగుళ్ల పరీక్ష, అవసరమైతే పూడిక, కొత్త గ్రిప్‌లు. అదనంగా మీ కొలత గ్రిప్‌లు రెండు జతలు, టేపు, అబ్రలాన్ ప్యాడ్లు తెప్పించుకోండి. సూపర్ గ్లూ, ఆల్కహాల్ ఇక్కడే ఏ వీధిలోనైనా దొరుకుతాయి. రెండిట్లో ఒకటే తేగలిగితే పాలియెస్టర్ స్పేర్ బాల్‌ను వదిలేయండి. ఇక్కడ లేన్ల దగ్గర ఇచ్చే బాల్స్ దాదాపు అన్నీ పాలియెస్టరే.

15 పౌండ్ల బాల్ 6.8 కిలోలు. 23 కిలోల చెక్-ఇన్ సూట్‌కేసులో మధ్యలో, చుట్టూ బట్టలు దట్టించి పెట్టాలి. సూట్‌కేసు గోడకు ఆనితే గోడే పగులుతుంది. ఇల్లు చేరాక వెంటనే ఆడకుండా ఒక రోజు ఆగండి.

హైదరాబాద్ వేడికి భయపడక్కర్లేదు, ఇంట్లో ఉంచితే చాలు. ప్రమాదం కారు డిక్కీలో ఉంది. మే నెల ఎండలో నిలిపిన కారులో వేడి మనం స్నానానికి పెట్టిన హద్దును దాటేయగలదు. అటక మీద కూడా వద్దు, స్లాబు వేడి అక్కడే నిలుస్తుంది. అలమరా కింది అరలో, కుండ కింద వేసే చుట్టకుదురు లాంటిది పాత తువ్వాలుతో చుట్టి దాని మీద పెట్టండి. నెలకోసారి వేరే వైపు కిందికి వచ్చేలా తిప్పండి. దాచేముందు నూనె తుడవండి, తడి తువ్వాలును సంచీలో వదిలేయకండి.

ప్రశ్న: మా బాల్ మధ్యకు పగిలింది, ఇక ఆటకు రాదన్నారు. రీసైక్లింగ్ డబ్బాలో వేయొచ్చా?
– ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: ఇంటి రీసైక్లింగ్ డబ్బాలో వేయకూడదు. రెజిన్, నింపుడు పదార్థం, కోర్ విడదీయరానంతగా అతుక్కుని ఉంటాయి, ఆ బరువుకు అక్కడి యంత్రాలూ దెబ్బతింటాయి. చెత్తలో వేసేముందు మీ నగరపాలక సంస్థను అడగండి. కాల్చడం మాత్రం ఎప్పుడూ వద్దు. యురేథేన్ కాలితే సైనైడ్ విషవాయువు వస్తుంది. సుత్తితో పగలగొట్టినా పెచ్చులు కళ్లలోకి ఎగురుతాయి.

తోటలో పెట్టుకోవాలనుకుంటే పగులు, రంధ్రాలు ఎపాక్సీతో నింపి, 80 నంబరు ఉప్పుకాగితంతో మెరుపంతా పోయేలా రుద్దండి. మెరుపు మిగిలితే ఏదీ అతకదు. రంగు గాజు ముక్కలను, పగిలిన గాజులనైనా సరే, పారదర్శక సిలికాన్ జిగురుతో వరసలుగా అతికించండి. కిందివైపు అతికించిన ముక్కలు జారకుండా ఒక్కో సగం ఒక్కో రోజు చేయండి. మర్నాడు సందుల్లో బయట వాడే గ్రౌట్ నింపి, తడి స్పాంజితో తుడిచి, మూడు రోజులు ఎండకు దూరంగా ఆరనివ్వండి. ఎత్తైన స్టాండ్ మీద కాకుండా, పిల్లలు తోసినా దొర్లిపోకుండా నేలలో సగం గుంట తీసి అందులో కూర్చోబెట్టండి.